కడుపెట్లుంది, పాపా?

మొన్న ఆదివారం పొద్దున ఒక మనిషి మా గేటు ముందు బండి ఆపి, చెప్పులు విప్పి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. మా కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో అటెండరుగా పాతికేళ్ళు పనిచేసి రిటైరైన, మేమంతా అక్కా అని పిలిచే ఆమె కొడుకతను. అక్క పోయి అప్పటికి పదహారు రోజులు. గుండు మీద తువ్వాలు కప్పుకుని ఉన్నాడు. ఏం కష్టమొచ్చిందోనని నేను గబగబా వెళ్తే, తెగ సిగ్గుపడిపోతూ అడిగాడు.

"మేడం, మా అమ్మ తోడు మీ ఇంట్లో ఉందంట గదా. కొంచెం ఇస్తారా?"

ఇంటినిండా గేదెలూ గొర్రెలూ ఉన్నవాళ్ళు, పెద్దారవీడు అవతల ఊరి నుంచి మార్కాపురం దాకా పెరుగు తోడు కోసం రావడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అడిగితే చెప్పాడు. మైల తీరేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు, పాలు తోడు పెట్టలేదు. పదకొండో రోజున పాత కుండలన్నీ ఊరి బయట పారేశారు. వాటిలో ఆమె పెరుగు కుండ కూడా పోయింది. పన్నెండో రోజు పాలు కాచి పొయ్యి మీంచి దించాక గానీ, ఇంట్లో తోడు లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. అంగట్లోంచి పెరుగు ప్యాకెట్టు తెచ్చి వేశారు. ఐదో నెల కడుపుతో ఉన్న అతని భార్య ఆ పెరుగన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కంచం పక్కకు జరిపేసింది.

"అమ్మ పోయినకాడి నుంచి అది సరిగ్గా తినడం లేదు మేడం. మాట్లాడదు. గోడకు ఆనుకొని కూసుంటది. నిన్న ఒక్క మాట అన్నది, అత్త పెరుగు గావాలని. అందుకే వచ్చినా."

లోపలికి వెళ్ళి ఫ్రిజ్ తెరిచాను. పెరుగు గిన్నె ముందు నిలబడి ఏడుస్తాననుకున్నాను, తీరా నవ్వొచ్చింది. ఆమె గుర్తొస్తే నాకు ముందు నవ్వే వస్తుంది. చచ్చిపోయినంత మాత్రాన ఆ అలవాటు మారేట్టు లేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ పేరుతో ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి ఫస్టియర్ పిల్లల దాకా అందరికీ ఆమె అక్కే. "నా పేరు గిన్నెల మీదుంటే చాల్లే" అనేది. స్టీలు సామాను ఏది కొన్నా దాని అంచున చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించుకోవడం ఆమెకు మహా సరదా. టీ వడగట్టే జాలీకి కూడా కొట్టించబోతే కొట్టువాడు దండం పెట్టాడట.

మనిషి పొట్టి. భుజం మీద ఎప్పుడూ ఒక తడి గుడ్డ. ఏదైనా ఆలోచించాల్సి వస్తే మనలాగా తల గోక్కునేది కాదు, రెండు వేళ్ళతో పొట్ట మీద మెల్లగా కొట్టుకునేది. ఎవరు ఎదురైనా మొదటి పలకరింపు "బాగున్నావా" కాదు, "కడుపెట్లుంది?" అని. ఒకసారి ప్రిన్సిపాల్ స్టాఫ్ మీటింగులో మమ్మల్నందరినీ వాయించి వదిలిపెట్టాడు. మేము మొహాలు వేలాడేసుకుని బయటికొస్తే ఆమె తలుపు దగ్గర నిలబడి, "మీ మీద కోపం గాదులే. సార్‌కు రెండు రోజుల నుంచి సాఫీగా కావడంలేదు" అని అందరికీ వినిపించేట్టు ఓదార్చింది. ఆ మాట లోపలికీ వినిపించింది.

ప్రాక్టికల్ పరీక్షలప్పుడు బయటి కాలేజీల నుంచి ఎగ్జామినర్లు వచ్చేవాళ్ళు. ఎర్రటి ఎండలో బస్సు దిగి చిటపటలాడుతూ వచ్చే ఆ మనుషుల్ని ఆమె నేరుగా ల్యాబ్‌లోకి రానిచ్చేది కాదు. ముందు వరండాలో కూర్చోబెట్టి, అల్లమూ కరివేపాకూ దంచి వేసిన మజ్జిగ రెండు గ్లాసులు తాగించేది. ఆ తర్వాతే బొద్దింకలూ, పిల్లలూ. "ఖాళీ కడుపుతో మార్కులు వేస్తే చెయ్యి వణుకుద్ది" అనేది. ఆ మజ్జిగ తాగి మా పిల్లల్ని ఫెయిల్ చేసినవాళ్ళను నేను చూడలేదు.

నేను తెనాలి వైపు దాన్ని. లెక్చరరు ఉద్యోగం ఈ ఊళ్ళో వచ్చింది. మా ఆయన ఉద్యోగం విశాఖపట్నంలో, నెలకు రెండుసార్లు వచ్చేవాడు. మా అమ్మ నా పెళ్ళికి ముందే పోయింది. అలాంటి రోజుల్లో నాకు రెండోసారి నెల తప్పింది. మొదటిసారిది నాలుగో నెలలో పోయింది. అందుకని ఈసారి ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోయినా ఆమెకు తెలిసింది. ఎలా తెలిసిందంటే ఏం చెప్పను. ఒకరోజు ల్యాబ్‌లోకి వెళ్తే గాజు బీరువాలో ఒక సీసా లేదు. ఫార్మలిన్‌లో పెట్టిన పిండం సీసా అది. ఎన్నో ఏళ్ళుగా నా కుర్చీకి ఎదురుగా ఉండేది. కొన్నాళ్ళుగా నేను కుర్చీ తిప్పుకుని కూర్చుంటున్నాను. ఆ సీసా ఏదని అడిగితే, "ఎండ తగులుతాంటే లోపల పెట్టినా" అంది. ఆ గదిలోకి ఎండ రాదు. ఇద్దరం ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ మర్నాటి నుంచి నా బల్ల మీద రోజూ ఒక మజ్జిగ సీసా కనబడేది.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్పాలి. పెరుగులో మేలు చేసే సూక్ష్మజీవులుంటాయని బోర్డు మీద బొమ్మ వేసి పాఠం చెప్పేది నేనే. ఆ మజ్జిగ ఇంటికి తీసుకెళ్ళి, ఎక్కడ ఏ క్రిమి ఉందోనని పొయ్యి మీద మరగబెట్టి తాగేదీ నేనే. మొదటి బిడ్డ పోయాక నాకు పట్టుకున్న భయం అది. అరటిపండును కూడా సబ్బుతో కడిగేదాన్ని. చేతులు తోలు లేచిపోయేట్టు తోముకునేదాన్ని. ఇంత చేసినా ఐదో నెలలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. యాంటీబయాటిక్స్ తప్పవన్నారు, వేసుకున్నాను. ఆ జబ్బు తగ్గింది గానీ కడుపు మొత్తం అల్లకల్లోలమైంది. ఏం తిన్నా ఇమడదు. నిద్ర లేదు. తెల్లవారుతోందంటేనే భయం. క్లాసులో నవ్వుతూ పాఠం చెప్పి, స్టోరు రూములో రికార్డు పుస్తకాల వెనక కూర్చుని ఏడ్చేదాన్ని. మా ఆయన ఫోను చేస్తే అంతా బాగుందనేదాన్ని.

ఒక శనివారం ఆమె చెప్పాపెట్టకుండా మా ఇంటికొచ్చింది. అప్పుడు నేను పొయ్యి దగ్గర ఉన్నాను. గిన్నెలో ఆమె ఇచ్చిన మజ్జిగ కుతకుతా ఉడికి, విరిగి, పైన నీళ్ళూ కింద ముక్కలూ అయి ఉంది.

"ఏంది పాపా ఇది? మజ్జిగపులుసా?"

"కాదక్కా, తాగడానికే. క్రిములుంటే చస్తాయని."

ఆమె గిన్నెలోకి చూసింది, నా వైపు చూసింది. అక్కడే నేల మీద చతికిలబడి నవ్వడం మొదలెట్టింది. "పాలు కాచే గదమ్మా నేను తోడేసింది! నేను రాత్రంతా పెంచి పంపితే, నువ్వు పొద్దున్నే ఉడకబెట్టి చంపుతున్నావా? ఇన్ని దినాల నుంచి ఇదేనా కథ?" అని కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ నా మొహం చూసి టక్కున ఆగిపోయింది.

"కడుపెట్లుంది, పాపా?"

అప్పటిదాకా నన్ను చాలామంది చాలా అడిగారు. బిడ్డ కదులుతోందా, బరువెంత, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా అని. అన్నిటికీ జవాబు చెప్పాను. ఈ ఒక్క మాటకు మాత్రం నా నోట్లోంచి ఏం రావాలో అది వచ్చేసింది. "నాకు ఈ బిడ్డ మీద ప్రేమ రావడం లేదక్కా. భయం తప్ప ఏమీ లేదు. నేను దీనికి పనికిరాను. నేను లేకపోతేనే నయమనిపిస్తోంది" అన్నాను.

అట్లా అనకూడదు, కళ్ళు పోతాయి అంటుందనుకున్నాను. ఆమె అనలేదు. పొట్ట మీద రెండు వేళ్ళతో మెల్లగా కొట్టుకుంది.

"రాకపోతే రాకపాయె. ప్రేమ యాడికి పోతది, నిదానంగా వస్తది. ముందు నీ కడుపు సంగతి చూడాల. ఆ మాట డాక్టరమ్మతో కూడా అనాల, ఇప్పుడే. చెప్పులేసుకో."

"ఈ మాట డాక్టరుకు ఎట్లా చెప్తాం అక్కా, సిగ్గుగా..."

"నీకు సిగ్గయితే నేను చెప్తాలే. నాకేం సిగ్గు?"

చెప్పింది కూడా. నేను తల వంచుకుని కూర్చుంటే, నా మాటలన్నీ ఒక్కటి కూడా వదలకుండా ఆమే అప్పజెప్పింది. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి విన్నది. తర్వాత నాతో మాట్లాడింది. నేను సైన్సు దాన్నని తెలుసు కాబట్టి కొంచెం వివరంగానే చెప్పింది. "మన పేగుల్లో మనతో కాపురముండే సూక్ష్మజీవులు బోలెడు. కడుపుతో ఉన్నప్పుడు అవి కూడా మారతాయి. మందులూ, తిండీ, నిద్రలేమీ, బెంగా అన్నీ వాటిని కదిలిస్తాయి. అవి తిరిగి మన మనసును ఎంతవరకు కదిలిస్తాయో ఇంకా తేలలేదు, చూస్తున్నారు. పెరుగు తింటే దిగులు పోతుందని మాత్రం నేను చీటీ రాసివ్వను. కానీ మీ కడుపు ఒక పేషెంటు, మీ మనసు ఇంకో పేషెంటు అని కూడా అనుకోను. రెండూ కలిపి చూద్దాం" అంది. మా ఆయనకు అక్కడే ఫోను చేయించింది. తిండికి దారి చెప్పింది. మనసు డాక్టరు దగ్గరికి బుధవారం బుధవారం రమ్మని రాసింది.

బయటికొచ్చాక అక్క ఒకటే గొణుగుడు. "ఇన్నేళ్ళ నుంచి నేను చెప్పేది అదే గదా. ఆమె చదువుకొని చెప్పింది, నేను చదువుకోకుండా చెప్పినా."

"నువ్వు చెప్పింది మనసు కడుపులో ఉంటుందని. ఆమె చెప్పింది వేరు. మనసు మెదడుకు సంబంధించింది" అన్నాను. ఆ స్థితిలోనూ నాలోని లెక్చరరు ఊరుకోలేదు.

"మరి భయమేస్తే తలకాయి తిప్పాల గదా. కడుపులో ఎందుకు తిప్పుతాది?"

దానికి నా దగ్గర జవాబుంది, కానీ ఆమె వినిపించుకోకుండా ఆటో పిలిచేసింది.

ఆ తర్వాత బుధవారాలన్నీ ఆమెవే. నేను లోపల మాట్లాడుతుంటే ఆమె బయట బెంచీ మీద కూర్చునేది. ఫ్యాను తన వైపు తిరగలేదని కాంపౌండరుతో పేచీ పెట్టుకునేది. పక్కన కూర్చున్న ప్రతి ఆడమనిషినీ "కడుపెట్లుంది?" అని అడిగి వాళ్ళ చరిత్రలన్నీ లాగేది. నేను బయటికి రాగానే లోపల ఏం మాట్లాడానని ఒక్కసారి కూడా అడగలేదు. సంచిలోంచి డబ్బా తీసేది. ఒకనాడు రాగి అంబలి, ఒకనాడు కొర్రన్నంలో పెరుగు, అంచుకు వేయించిన చల్ల మిరపకాయ. మొదట్లో రెండు ముద్దలు తినేదాన్ని, తర్వాత నాలుగు. ఒకరోజు డబ్బా అంతా ఊడ్చేశాక ఆమె ఖాళీ డబ్బాను బోర్లించి చూపించి, బెంచీ మీద ఉన్నవాళ్ళందరికీ నన్ను ఫస్టు క్లాసులో పాసైన పిల్లలా చూపెట్టింది.

ఏడో నెలలో అనుకుంటా, ల్యాబ్‌లో ఇద్దరమే ఉన్నాం. ఆమె స్లైడ్లు కడుగుతోంది. నాకు ఉన్నట్టుండి అనుమానమొచ్చింది.

"అక్కా, ఇన్నేళ్ళు ఈ గాజు ముక్కలు కడిగావు. ఎప్పుడన్నా మైక్రోస్కోపులో చూశావా?"

"నేను కడిగేదాన్ని. చూసేటోళ్ళు మీరు గదా."

నాకు తల తీసేసినట్టయింది. వెంటనే ఆమె మజ్జిగే ఒక చుక్క స్లైడు మీద పరిచి, దీపం మీద ఆరబెట్టి, నీలం రంగు వేసి, కటకం కింద పెట్టి రమ్మన్నాను. ఆమెకు ఒక కన్ను మూసి ఒక కన్ను తెరవడం రాదు. మూస్తే రెండూ మూసుకుంటాయి. చివరికి ఒక కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి చూసింది.

"ఓయమ్మో! ఏంది ఇంతమంది! తిరునాళ్ళ మాదిరుండారు! ఈ పుల్లల మాదిరి ఉండేటోళ్ళు ఎవురు, ఈ పూసలదండ మాదిరోళ్ళు ఎవురు?" అని అరిచి, ఇంకా వంగి చూసి, "కదలరేంది?" అంది.

"రంగు వేయడానికి వేడి చేశాం కదక్కా. చచ్చిపోయాయి."

ఆమె తలెత్తి నా వైపు ఎలా చూసిందో ఇప్పటికీ మర్చిపోలేను. "మళ్ళా చంపినావా?" అంది.

ఈసారి చంపకుండా ఇంకో చుక్క పెట్టాను. సన్నగా వణుకుతూ కనబడ్డాయి. ఆమె చాలాసేపు కన్ను తియ్యకుండా చూసింది. తర్వాత వాటినే పలకరించింది, "ఏమ్మా, బాగుండారా?" అని. నా వైపు తిరిగి గుసగుసగా అడిగింది.

"ఆడోళ్ళా, మగోళ్ళా?"

"ఆడా లేదు, మగా లేదక్కా. ఒకటి మధ్యలో తెగి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అంతే."

"అంటే నొప్పుల్లేకుండా కాన్పా?" గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఎంత అదృష్టవంతులమ్మా! నేను రోజూ రాత్రి ఒక కుండ పాలల్లో ఇన్ని కాన్పులు చేస్తున్నానా! ఒక్కరన్నా నాకు చీర పెట్టినారా!"

నేను నవ్వడం మొదలెట్టాను. నెలల తర్వాత వచ్చిన నవ్వు, ఎంతకీ ఆగలేదు. బల్ల పట్టుకుని నవ్వాను. ఆ కుదుపుకు లోపల బిడ్డ మేలుకుని గట్టిగా తన్నింది. అంతకు ముందు కూడా తన్నేది, అప్పుడల్లా నాకు భయమేసేది. ఆ రోజు మాత్రం, ఇది కూడా నవ్వుతోందేమో అనిపించింది. నాకు ప్రేమ వచ్చింది ఆ క్షణాన్నే. అక్కకు చెప్తే, "నిదానంగా వస్తదన్లా?" అని మళ్ళీ కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మైక్రోస్కోపులోకి వంగింది.

పాప పుట్టిన మూడో నెలలో ఒక చిన్న స్టీలు గిన్నెలో తోడు తీసుకొచ్చింది. "ఇంకెన్ని దినాలు నేను మోస్తా? నువ్వే వేసుకో" అని నా వంటింట్లో దగ్గరుండి నేర్పింది. కాచిన పాలు ఎంత చల్లారాలో చెప్పడానికి ఆమెకు థర్మామీటరు అక్కర్లేదు. చిటికెన వేలు ముంచితే తియ్యబుద్ధి కాకూడదు, అదే లెక్క. తోడు వేశాక గిన్నె మీద ఒక పలక ముక్క మూత పెట్టింది. పలకల గనులున్న మా మార్కాపురంలో ఆ ముక్కలకేం కరువు. గోడల కింద, గేట్ల కింద, కుండల మీద ఎక్కడైనా అవే. మూత పెట్టి, దాని మీద తట్టి, "పోయి పని చూసుకోండి" అంది. మైక్రోస్కోపులో చూసినప్పటి నుంచి రోజూ వాటికి అలాగే చెప్తోందట.

బిడ్డకు మొదటి సూక్ష్మజీవులు చాలావరకు తల్లి నుంచే వస్తాయని అప్పుడే ఆమెకు చెప్పాను. ఒళ్ళోని పాపను చూసి తెగ సంబరపడింది. "అంటే దీనికి నువ్వే తోడేసినావన్నమాట. బాగా తోడుకుంది" అని పాప బుగ్గ మీద చిటికెన వేలు పెట్టి చూసింది.

ఆ గిన్నె మొన్నటిదాకా తిరిగి ఇవ్వలేదు. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని, ఏదైనా మంచిది చేసి పెట్టి ఇద్దామని అనుకుంటూనే పదకొండేళ్ళు గడిచాయి. ఆదివారం ఆ గిన్నె కిందికి దించి, అప్పటి తోడుతోనే ఇన్నేళ్ళుగా వేస్తూ వస్తున్న పెరుగు నిండా వేసి మూత పెట్టాను. కొడుకు అందుకుని అంచు మీద చుక్కలను బొటనవేలితో తడిమాడు. "అమ్మ పేరు" అన్నాడు. నేను కూడా వస్తానని చెప్పి బండి ఎక్కాను.

కోడలు పిల్ల, అతను చెప్పినట్టే, గోడకు ఆనుకుని ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. పక్కింటావిడ "ఏడవబాక, బిడ్డకు మంచిది గాదు" అని సర్దిచెప్తోంది. దారి పొడుగునా నేను కూర్చుకున్న మంచి మాటలన్నీ అక్కడికి వెళ్ళేసరికి ఎగిరిపోయాయి. పక్కన కూర్చున్నాను.

"కడుపెట్లుంది, పాపా?"

నా తెనాలి నోట ఆ మాట వింతగా ఉందేమో, తల తిప్పి చూసింది.

"బాగలేదు మేడం" అంది. కాసేపటికి చాలా మెల్లగా, "బిడ్డ మీద నాకేం అనిపించడంలేదు. అత్త ఉంటే చూసుకునేది. పాపమేమో గదా, ఇట్లనుకోవడం?" అంది.

"రాకపోతే రాకపాయె. నాకూ రాలేదు. నిదానంగా వస్తుంది. బుధవారం మార్కాపురం తీసుకెళ్తాను, ఈ మాటే డాక్టరమ్మకు చెబుదాం. నీకు సిగ్గయితే నేను చెప్తాను. నువ్వు లోపలికి వెళ్ళు, నేను బయట బెంచీ మీద కూర్చుంటాను."

ఆమె ఒప్పుకున్నట్టు తల ఊపింది. ఇద్దరం వంటింట్లోకి వెళ్ళాం. పొద్దున కాచిన పాలు మళ్ళీ వెచ్చబెట్టి, చిటికెన వేలు నేనూ ముంచాను, ఆమె కూడా ముంచింది. కొత్త కుండలో గిన్నెలోని తోడు వేశాం. కొడుకు పెరట్లోంచి ఒక పలక ముక్క కడిగి తెచ్చాడు. మూత పెట్టాక ఆ పిల్ల చెయ్యి దానంతటదే పలక మీద తట్టింది.

"పోయి పని చూసుకోండి" అంది. వెంటనే నా వైపు తిరిగి, "అత్త రోజూ అట్లనే అనేది మేడం. ఎవురితో అనేదో, ఏందో" అంది.

ఎవరితో అనేదో నేను చెప్పాను. కంటికి అడ్డం పెట్టిన అరచెయ్యి నుంచి నొప్పుల్లేని కాన్పుల దాకా మొత్తం. ఆ పిల్ల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఆడోళ్ళా మగోళ్ళా అని అడిగినాదా!" అని, కొంగు వదిలేసి పకపకా నవ్వింది. వాకిట్లోంచి మొగుడు పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఇది ఎప్పటికి తోడుకుంటది?" అని అడిగింది.

"రేపు పొద్దుటికి."

ఆమె కుండ వైపు చూసింది, స్టీలు గిన్నె వైపు చూసింది. తోడు వేయగా గిన్నెలో ఇంకా సగం పైగా పెరుగుంది. చట్టిలోంచి అన్నం తెచ్చి ఆ గిన్నెలోనే వేసుకుని, ఉప్పు రాయి నలిపి కలిపి, నిలబడే తినడం మొదలెట్టింది. ఆఖరి మెతుకు అయ్యాక గిన్నె అంచున, ఆ చుక్కల పేరు మీద అంటిన పెరుగును కూడా వేలితో తుడుచుకుని నాకి, మొగుడితో "ఇంకొంచెం అన్నముందా?" అంది.